సర్వే జవాబుల నుంచి కస్టమర్ లాయల్టీ స్కోరును నిక్కచ్చిగా లెక్కకట్టడం ఎలా

కొన్నవారికి మన దుకాణం మీద, మన బ్యాంకు మీద, మన ఆసుపత్రి మీద ఎంత గురి కుదిరిందో ఒక్క అంకెలో చెప్పమని యాజమాన్యం అడిగినప్పుడు మార్కెటింగ్ విభాగాలు ఎక్కువగా ఆశ్రయించేది నెట్ ప్రమోటర్ స్కోరునే. బెయిన్ అండ్ కంపెనీ అనే వ్యాపార సలహా సంస్థకు చెందిన ఫ్రెడ్ రైకెల్డ్ 2003 డిసెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఇది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అమెరికాలో కార్లు అద్దెకిచ్చే ఎంటర్‌ప్రైజ్ సంస్థ తన సర్వేల్లో సగటును పట్టించుకోకుండా, అన్నిటికన్నా పై మార్కు ఇచ్చినవారిని మాత్రమే లెక్కపెట్టుకునే పద్ధతి ఆయనను ఆలోచింపజేసింది. దాని నుంచి ఆయన తీసుకున్నది మమ్మల్ని ఇతరులకు సిఫార్సు చేస్తారా అన్న ఒకే ఒక్క ప్రశ్న, 0 నుంచి 10 దాకా ఒక కొలబద్ద, ఎక్కువ అంకె ఇచ్చినవారి శాతం నుంచి తక్కువ అంకె ఇచ్చినవారి శాతాన్ని తీసే ఒక తీసివేత.

ఈ తీసివేత చేయడానికి రెండు నిమిషాలు చాలు. కష్టమంతా దానికి ముందు, దాని తర్వాత ఉంటుంది. ఎవరిని అడిగాం, ఎలా అడిగాం, జవాబివ్వనివారు ఎందరు, వచ్చిన అంకెలో ఎంత భాగం కేవలం యాదృచ్ఛికం అన్న ప్రశ్నలకు సమాధానం లేకుండా ఒట్టి స్కోరును సమావేశంలో చూపించకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. అందుకే ఈ మార్గదర్శిలో సూత్రానికి తక్కువ చోటు, దాని చుట్టూ ఉన్న పనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

లెక్క అర్థం కావడానికి వరంగల్‌లో గృహోపకరణాలు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు కొన్నవారికి దుకాణం వాళ్లే ఇంటికి పంపి బిగిస్తారు. మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, ఫ్యాన్లు కొన్నవారు కౌంటర్ దగ్గరే తీసుకుని వెళ్లిపోతారు. ఏడాదిలో 8,000 మంది కొన్నారనీ, వారిలో 1,600 మందికి ఫోన్ చేస్తే 400 మంది జవాబిచ్చారనీ అనుకుందాం. కింద వచ్చే ఈ దుకాణపు అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి కల్పించుకున్నవే.

ఇలాంటి వ్యాపారానికి సిఫార్సు ప్రశ్న సరిగ్గా నప్పడానికి ఒక కారణం ఉంది. ఫ్రిజ్ కొన్న మనిషి వచ్చే ఏడాది మళ్లీ ఫ్రిజ్ కొనడు. అతని నమ్మకం తన తర్వాతి బిల్లులో కన్నా ముందుగా తోడల్లుడి బిల్లులోనో, పక్కింటివారి బిల్లులోనో కనిపిస్తుంది. నెలనెలా సరుకులు కొనే కిరాణా దుకాణానికైతే మళ్లీ మళ్లీ వస్తున్నారా లేదా అన్న కొనుగోలు లెక్కే సర్వే కన్నా బలమైన సాక్ష్యం. కాబట్టి సర్వే మొదలుపెట్టే ముందు, మన వ్యాపారంలో నమ్మకం ఏ రూపంలో బయటపడుతుందో తేల్చుకోవాలి.

ప్రశ్న, అడిగే తీరు

ప్రశ్నను పుస్తక భాషలో రాసి ఫోన్‌లో చదివిస్తే, వినేవారు సగం అర్థం చేసుకుని మర్యాదకు ఒక అంకె చెప్పేస్తారు. అందువల్ల దానిని మాట్లాడే తెలుగులో, ఒకే విషయం గురించి, రెండు చివరలూ స్పష్టంగా చెబుతూ అడగాలి. ఉదాహరణకు: "మీకు తెలిసినవాళ్లెవరైనా ఇంట్లోకి ఇలాంటి వస్తువు కొనాలనుకుంటే మా షాపుకు వెళ్లమని చెబుతారాండీ? అస్సలు చెప్పను అంటే 0, తప్పకుండా చెబుతాను అంటే 10. ఈ 0 నుంచి 10 లోపల మీరు ఏ నంబరు ఇస్తారు?" దీని వెంటనే రెండో ప్రశ్న ఒక్కటే ఉండాలి: "ఆ నంబరు ఎందుకు ఇచ్చారో కాస్త చెబుతారాండీ?" జవాబును వారి మాటల్లోనే రాసుకోవాలి. ధర గురించో, సేవ గురించో ముందుగా నాలుగు ప్రశ్నలు వేసి ఆ తర్వాత సిఫార్సు ప్రశ్న అడిగితే, ఆ నాలుగింటి రుచి దీనికి అంటుకుంటుంది. కనుక సిఫార్సు ప్రశ్న మొదట రావాలి.

ఫోన్ చేసే వ్యక్తి వస్తువు అమ్మిన సేల్స్‌మన్ కాకూడదు, బిగించిన మెకానిక్ అసలే కాకూడదు. ముఖపరిచయం ఉన్న మనిషి అడిగితే మన వాళ్లు మొహమాటానికి ఎక్కువ మార్కులు వేస్తారు. అంతకన్నా పెద్ద ప్రమాదం స్కోరును జీతానికో, ఇన్సెంటివ్‌కో ముడిపెట్టడం. అలా ముడిపడిన మరుక్షణం నుంచి "సార్, మీకు ఫోన్ వస్తుంది, దయచేసి పది ఇవ్వండి, తొమ్మిది ఇచ్చినా నా జీతంలో కోత పడుతుంది" అన్న వేడుకోలు మొదలవుతుంది. కార్ల సర్వీసింగ్ దగ్గరా, డెలివరీ గుమ్మాల దగ్గరా ఈ మాట విననివారు తక్కువ. ఆ తర్వాత వచ్చే పదులు కొనుగోలుదారు నమ్మకాన్ని కొలవవు, సిబ్బంది మీద అతనికి కలిగిన జాలిని కొలుస్తాయి. ఇది ఉద్యోగుల తప్పు కాదు. కొలమానాన్ని కొరడాగా వాడినవారి తప్పు. స్కోరు సమస్యలను వెతకడానికి ఉపయోగపడాలంటే, కనీసం శాఖ స్థాయి కన్నా కింద, అంటే వ్యక్తుల స్థాయిలో, దానిని బహుమతికీ శిక్షకూ వాడకూడదు.

అడిగే సమయం కూడా నిర్ణయించి ఉంచాలి. బిగించిన మరునాడే అడిగితే అది ఆ ఒక్క పని మీద అభిప్రాయం అవుతుంది; రెండు మూడు నెలలు వాడాక అడిగితే దుకాణంతో ఉన్న మొత్తం అనుబంధం మీద అభిప్రాయం అవుతుంది. రెండూ అవసరమే, కానీ రెండింటి జవాబులను ఒకే కుప్పలో పోయకూడదు. అలాగే ఫోన్‌లో మనిషి అడిగిన జవాబులనూ, వాట్సాప్ లింకు ద్వారా వచ్చిన జవాబులనూ విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. మనిషితో మాట్లాడేటప్పుడు ఇచ్చే అంకెలు సాధారణంగా కాస్త పైకి జరుగుతాయి కాబట్టి, గత ఏడాది ఫోన్‌లో అడిగి ఈ ఏడాది లింకు పంపితే స్కోరు పడిపోయినట్టు కనిపించవచ్చు, నిజానికి పడిపోయింది ఏమీ ఉండకపోవచ్చు.

రికార్డు చేసిన గొంతుతో కీప్యాడ్ నొక్కించే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఫోన్ మీద పది అనే మీట లేదు. ఒక్క అంకె తీసుకునే విధంగా వ్యవస్థను అమర్చితే, 10 నొక్కబోయినవారి జవాబు 1గా నమోదవుతుంది, మన దగ్గర అత్యంత సంతోషంగా ఉన్నవారు అత్యంత కోపిష్టుల జాబితాలో చేరిపోతారు. రెండు అంకెల కోసం ఆగే ఏర్పాటు ఉందో లేదో సొంత ఫోన్ నుంచి నొక్కి చూసుకున్నాకే సర్వే మొదలుపెట్టాలి.

కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు వాడుతున్నాం కాబట్టి, బిల్లు రాసేటప్పుడే అభిప్రాయం కోసం ఫోన్ చేస్తామని చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం మంచిది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. ఒక పనికి ఇచ్చిన నంబరును వేరొక పనికి వాడటం ఇక చిన్న విషయం కాదు.

లెక్కకు ముందు జాబితాను సరిచేయడం

జవాబులన్నీ ఒక ఎక్సెల్ షీటులోకో, గూగుల్ షీటులోకో వచ్చాక, ఒక్కో వరుసకు ఒక్కో మనిషి ఉండేలా చూసుకుని, నంబరు, తేదీ, వస్తువు రకం, అడిగిన మార్గం, ఇచ్చిన అంకె, చెప్పిన కారణం అనే గడులు ఏర్పాటు చేసుకోవాలి. అసలు షీటును ముట్టుకోకుండా పక్కన భద్రపరిచి, దాని నకలు మీదే పని చేయాలి.

ఖాళీ గడి సున్నా కాదు. జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేసినవారి గడిలో ఎవరైనా 0 నింపితే, వారంతా తీవ్ర అసంతృప్తి ఉన్నవారిగా మారిపోతారు. జవాబు లేనివారు హారంలోకి కూడా రాకూడదు. ఒకే నంబరు రెండుసార్లు వస్తే మొదటి జవాబు ఉంచాలా, చివరిది ఉంచాలా అన్నది అంకెలు చూడకముందే నిర్ణయించుకోవాలి. చూశాక నిర్ణయిస్తే తెలియకుండానే మనకు నచ్చినది ఉంచుతాం. సిబ్బంది పరీక్ష కోసం నింపిన వరుసలను తీసేయాలి. కొన్నిసార్లు అంకెలు షీటులో అక్షరాల రూపంలో నిల్వ అవుతాయి, చూడటానికి 9 లాగే ఉంటాయి కానీ లెక్కింపు సూత్రం వాటిని వదిలేస్తుంది. అందుకే జవాబులను విభజించే మూడు వర్గాల (వాటిని కింద చెబుతున్నాను) మొత్తం, జవాబుల మొత్తానికి సమానమవుతోందా అన్నది ప్రతిసారీ సరిచూడాలి.

ఇక కొలబద్దను తలకిందులుగా అర్థం చేసుకునేవారు ఉంటారు. ఫస్ట్ ర్యాంకు అంటే ఒకటి అని చిన్నప్పటి నుంచి విన్న మనుషులకు, అన్నిటికన్నా మంచిదానికి 1 ఇవ్వాలనిపించడం సహజం. అంకె 1, కారణం "చాలా బాగా చూసుకున్నారు, మా చెల్లెలికి కూడా చెప్పాను" అని ఉంటే అది తప్పుగా నమోదైనదే కావచ్చు. అయినా మనంతట మనం దానిని 10గా దిద్దకూడదు. తిరిగి ఫోన్ చేసి అడగాలి. దొరక్కపోతే ఆ వరుసను పక్కనపెట్టి, అలా ఎన్ని పక్కనపెట్టామో నివేదికలో రాయాలి. ఇదే నియమాన్ని 10 ఇచ్చి తిట్లు తిట్టినవారికి కూడా వర్తింపజేయాలి. ఒక వైపుకే దిద్దుబాటు చేస్తే అది దిద్దుబాటు అనిపించుకోదు.

అసలు లెక్క

9 లేదా 10 ఇచ్చినవారు ప్రమోటర్లు, అంటే నలుగురికి చెప్పేవారు. 7 లేదా 8 ఇచ్చినవారు పాసివ్‌లు, అంటే బాగానే ఉందనుకుని ఊరుకునేవారు. 0 నుంచి 6 దాకా ఇచ్చినవారు డిట్రాక్టర్లు, అంటే వద్దని చెప్పే అవకాశం ఉన్నవారు. ప్రమోటర్ల శాతం నుంచి డిట్రాక్టర్ల శాతం తీసివేస్తే వచ్చేదే స్కోరు. పాసివ్‌లు తీసివేతలో కనిపించరు కానీ హారంలో ఉంటారు. స్కోరు మైనస్ 100 నుంచి +100 దాకా ఉండవచ్చు. అది శాతాల మధ్య తేడా కాబట్టి "23 శాతం" అని రాయకుండా "+23" అని రాయడం పద్ధతి.

మన దుకాణానికి వచ్చిన 400 జవాబులు ఇలా ఉన్నాయనుకుందాం. 10 ఇచ్చినవారు 118 మంది, 9 ఇచ్చినవారు 74. 8 ఇచ్చినవారు 62, 7 ఇచ్చినవారు 46. 6 ఇచ్చినవారు 28, 5 ఇచ్చినవారు 30, 4 ఇచ్చినవారు 10, 3 ఇచ్చినవారు 9, 2 ఇచ్చినవారు 6, 1 ఇచ్చినవారు 5, 0 ఇచ్చినవారు 12. ప్రమోటర్లు 192 మంది, అంటే 48 శాతం. పాసివ్‌లు 108 మంది, 27 శాతం. డిట్రాక్టర్లు 100 మంది, 25 శాతం. 48లోంచి 25 తీసివేస్తే స్కోరు +23. షీటులో కౌంట్‌ఇఫ్ సూత్రంతో 9కి సమానమైన లేదా మించిన గడులను ఒకసారి, 6కి సమానమైన లేదా తక్కువైన గడులను ఇంకోసారి లెక్కించి, రెండింటి తేడాను మొత్తం జవాబులతో భాగించి 100తో గుణిస్తే ఇదే వస్తుంది. శాతాలను ముందే దశాంశాలు లేని పూర్ణాంకాలకు మార్చి తీసివేయకూడదు. తీసివేత అయ్యాక చివర్లో ఒక్కసారే మార్చాలి.

ఈ స్కోరు సగటు కాదని బాగా గుర్తుంచుకోవాలి. 0 ఇచ్చిన మనిషిని బుజ్జగించి 6 దాకా తెస్తే స్కోరు వెంట్రుకవాసి కూడా కదలదు. 6 ఇచ్చిన మనిషి 7 ఇస్తే కదులుతుంది. వందలో 60 మంది ప్రమోటర్లు, 40 మంది డిట్రాక్టర్లు ఉన్న దుకాణానికీ, 20 మంది ప్రమోటర్లు ఉండి మిగిలిన 80 మందీ పాసివ్‌లైన దుకాణానికీ స్కోరు ఒకటే, +20. మొదటి దుకాణం ఊళ్లో గొడవల మధ్య నడుస్తోంది, రెండోది ఎవరికీ పెద్దగా గుర్తులేకుండా నడుస్తోంది, చేయాల్సిన పని రెండు చోట్లా పూర్తిగా వేరు. అందుకే స్కోరు పక్కన మూడు శాతాలూ తప్పక ఇవ్వాలి. వీలైతే 0 నుంచి 10 దాకా ఎందరెందరు ఏమిచ్చారో చూపే బార్ చిత్రం కూడా ఇవ్వాలి.

6ను డిట్రాక్టర్ల కింద వేయడం మీద మన ప్రాంతంలో అభ్యంతరం రావడం న్యాయమే. 60 శాతం మార్కులకు ఫస్ట్ క్లాస్ ఇచ్చే చదువుల్లో పెరిగినవారు, 6 ఇచ్చినప్పుడు మంచి మార్కే ఇచ్చామని అనుకునే వీలుంది. అలాగని హద్దులను మన ఇష్టానికి జరుపుకుంటే, ఆ అంకెను నెట్ ప్రమోటర్ స్కోరు అని పిలిచే హక్కు మనకు ఉండదు. హద్దులు యథాతథంగా ఉంచి, పోలికను మార్చుకోవడం మంచి మార్గం. విదేశీ కంపెనీల స్కోర్లతో పోల్చుకోవడం మాని, మన దుకాణాన్ని మన గత ఏడాదితోనే, అదే ప్రశ్నతో, అదే మార్గంలో అడిగి పోల్చుకోవాలి.

ఎవరి మాట ఎంత బరువు

మన ఉదాహరణలో అసలైన సంగతి ఇక్కడే బయటపడుతుంది. ఇంటికి పంపి బిగించే వస్తువులకు చిరునామా, ఫోన్ నంబరు తప్పనిసరిగా రాసుకుంటారు. కౌంటర్ దగ్గర మిక్సీ కొన్నవారి నంబర్లు చాలావరకు ఉండవు. అందువల్ల 400 జవాబుల్లో 240 బిగింపు ఉన్నవారివి, 160 కౌంటర్ వారివి. కానీ మొత్తం 8,000 మందిలో బిగింపు ఉన్నవారు 25 శాతమే, కౌంటర్ వారు 75 శాతం.

బిగింపు ఉన్న 240 మందిలో ప్రమోటర్లు 96, డిట్రాక్టర్లు 78. శాతాల్లో 40, 32.5, స్కోరు +7.5. కౌంటర్ వారు 160 మందిలో ప్రమోటర్లు 96, డిట్రాక్టర్లు 22. శాతాల్లో 60, 13.75, స్కోరు +46.25. ఇప్పుడు ఒక్కో స్కోరును ఆ వర్గం నిజమైన వాటాతో గుణించి కూడాలి. 7.5ను 0.25తో గుణిస్తే 1.875; 46.25ను 0.75తో గుణిస్తే 34.6875, రెండూ కలిపితే సుమారు +37. ముందు వచ్చిన +23కూ దీనికీ 14 పాయింట్ల తేడా ఉంది, ఒక్క కొనుగోలుదారు అభిప్రాయం కూడా మారకుండానే. రెండు వర్గాల స్కోర్లనూ కలిపి రెండుతో భాగించే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే సుమారు 27 వస్తుంది, దానికి ఏ అర్థమూ లేదు.

మొత్తం మీద +37 అని సంతోషపడటం కన్నా, బిగింపు వర్గంలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు డిట్రాక్టర్ అన్న సంగతి యజమానికి ఎక్కువ పనికొస్తుంది. పైగా ఖరీదైన వస్తువులు కొన్నది వారే. తలల లెక్కన బరువు వేస్తే +37 వస్తుంది కానీ, అమ్మకాల రూపాయల లెక్కన వేస్తే ఆ అంకె కిందికి దిగుతుంది. రెండూ సరైన లెక్కలే. దేని బరువు వాడామో రాయడం తప్పనిసరి.

అంకెలో ఉన్న ఊగిసలాట

400 మందికి బదులు మరో 400 మంది ఫోన్ ఎత్తి ఉంటే స్కోరు సరిగ్గా ఇంతే ఉండేది కాదు. ఆ తేడా ఎంత ఉండవచ్చో చెప్పేదే దోష పరిధి. చాలా నివేదికల్లో ఇది కనిపించకపోవడం విచారకరం, ఎందుకంటే లెక్క ఏమంత కష్టమైనది కాదు. ప్రమోటర్ల, డిట్రాక్టర్ల వాటాలను దశాంశాల్లో రాసి కూడాలి: 0.48, 0.25 కలిపితే 0.73. వాటి తేడా 0.23ను వర్గం చేస్తే 0.0529. మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే 0.6771. దానిని జవాబుల సంఖ్య 400తో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 0.041. దీనిని 1.96తో గుణిస్తే 0.081. అంటే 95 శాతం విశ్వాస స్థాయిలో (ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు అసలు స్కోరు ఇలా కట్టిన పరిధిలో ఉండేలా) మన +23కు అటూ ఇటూ 8 పాయింట్ల పరిధి ఉంది. అసలు స్కోరు 15కూ 31కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. బరువులు వేసిన +37కు, బిగింపు వారికీ కౌంటర్ వారికీ విడిగా భాగహారం దాకా ఇదే లెక్క చేసి, ఒక్కోదాన్ని ఆ గుంపు వాటాతో రెండుసార్లు గుణించి, రెండింటినీ కూడి వర్గమూలం తీసి 1.96తో గుణిస్తే, పరిధి సుమారు 9 పాయింట్లు వస్తుంది.

ఆరు నెలల తర్వాత మళ్లీ 400 మందిని అదే తీరున అడిగితే, బరువులు వేయకముందు +23గా ఉన్నది +29కి చేరిందనుకుందాం. మిఠాయిలు పంచే ముందు ఆగాలి. రెండు సర్వేల మధ్య తేడాకు దోష పరిధి ఒక్కో సర్వే పరిధికి దాదాపు 1.4 రెట్లు, అంటే ఇక్కడ 11 పాయింట్లకు పైనే. 6 పాయింట్ల పెరుగుదల అందులో ఇమిడిపోతుంది. అది నిజమైన మెరుగుదలే కావచ్చు, కానీ ఈ జవాబులు దానిని రుజువు చేయవు.

శాఖల వారీగా నెలనెలా ర్యాంకులు వేసే సంస్థల్లో ఈ లోపం మరీ బాధ కలిగిస్తుంది. ఇదే పంపకం ఉన్న శాఖలో 30 జవాబులు మాత్రమే వస్తే పరిధి అటూ ఇటూ 29 పాయింట్లు ఉంటుంది. ఈ నెల మొదటి స్థానంలో ఉన్న శాఖ వచ్చే నెల చివరికి జారడం అందులో పనిచేసేవారి నిర్లక్ష్యమో ప్రతిభో కాకపోవచ్చు, చిన్న నమూనా ఊగిసలాట మాత్రమే కావచ్చు. ఆ ఊగిసలాటకు మేనేజర్లను సంజాయిషీ అడగడం అన్యాయం. పరిధిని 5 పాయింట్లకు తగ్గించాలంటే మన ఉదాహరణలో సుమారు 1,040 జవాబులు కావాలి. పరిధిని సగం చేయాలంటే జవాబులు నాలుగు రెట్లు కావాలన్నది గుర్తుంచుకుంటే చాలు. అంత వీలు లేని శాఖలకు నెలకు బదులు ఏడాది జవాబులు కలిపి చూడాలి.

దోష పరిధి లెక్కలోకి రానిది ఇంకొకటి ఉంది. 1,600 మందికి ఫోన్ చేస్తే 400 మంది మాట్లాడారు, 1,200 మంది మాట్లాడలేదు. మాట్లాడనివారి అభిప్రాయం మాట్లాడినవారిలాగే ఉంటుందన్న హామీ ఏ సూత్రమూ ఇవ్వదు. ఎత్తనివారిలో కొందరికి వేరే వేళల్లో మళ్లీ ఫోన్ చేసి, ఆలస్యంగా దొరికినవారి స్కోరును మొదటే దొరికినవారి స్కోరుతో పోలిస్తే, ఆ లోటు ఏ వైపు లాగుతోందో కొంత తెలుస్తుంది.

కారణాలు

రెండో ప్రశ్నకు వచ్చిన మాటలను చదవకుండా స్కోరు మాత్రమే దాచుకోవడం వృథా. డిట్రాక్టర్లు చెప్పిన కారణాలను ముందుగా యాభై దాకా చదివి, వాటి నుంచే కొన్ని శీర్షికలు ఏర్పరచుకోవాలి: చెప్పిన రోజు రాకపోవడం, బిగింపులో లోపం, అదనపు డబ్బు అడగడం, సర్వీసుకు ఫోన్ ఎత్తకపోవడం వంటివి. ఇద్దరు వ్యక్తులు విడివిడిగా శీర్షికలు వేసి, తేడా వచ్చిన చోట మాట్లాడుకుని తేల్చుకుంటే ఒకరి పక్షపాతం తగ్గుతుంది. 0 నుంచి 6 ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రెండు మూడు రోజుల్లో బాధ్యత గల మనిషి ఫోన్ చేసి, ఆ సమస్య తీర్చాలి. అభిప్రాయం అడిగి ఊరుకునే దుకాణం, అసలు అడగని దుకాణం కన్నా ఎక్కువ కోపం తెచ్చిపెట్టుకుంటుంది.

ఒకటి కన్నా ఎక్కువ ప్రశ్నలు కలిపి స్కోరు వేస్తే

కొన్ని సంస్థలు సిఫార్సు ప్రశ్నతో పాటు "మళ్లీ ఇక్కడే కొంటారా", "మొత్తం మీద తృప్తిగా ఉన్నారా" అని 1 నుంచి 5 కొలబద్దపై అడిగి, అన్నిటినీ కలిపి 100కు ఒక లాయల్టీ సూచిక తయారుచేస్తాయి. వేర్వేరు కొలబద్దలను కలపాలంటే ముందు అన్నిటినీ 0 నుంచి 100కు మార్చాలి. ఇచ్చిన అంకెలోంచి కొలబద్ద కనిష్ఠాన్ని తీసివేసి, గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న తేడాతో భాగించి, 100తో గుణించాలి. 5కు 4 అంటే 80 అని వేయడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. కొలబద్ద 1 దగ్గర మొదలవుతుంది కాబట్టి అది 75. ఒక మనిషి సిఫార్సుకు 10కి 8, మళ్లీ కొనడానికి 5కు 4, తృప్తికి 5కు 3 ఇస్తే అవి 80, 75, 50 అవుతాయి. సగటు సుమారు 68. ప్రతి మనిషికీ ఇలా కట్టి, మళ్లీ అందరి సగటు తీయాలి. ప్రశ్నలకు వేర్వేరు బరువులు ఇవ్వాలనుకుంటే వాటిని ముందే రాసిపెట్టుకోవాలి. ఈ సూచిక సగటు కాబట్టి నెట్ ప్రమోటర్ స్కోరుతో దీనిని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

బిల్లులతో సరిచూడటం

సిఫార్సు ప్రశ్న ఒక్కటే వ్యాపార వృద్ధిని అన్నిటికన్నా బాగా సూచిస్తుందన్న వాదనను పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. టిమొతీ కీనింగ్‌హామ్, ఆయన సహచరులు 2007లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో నార్వే సంస్థల సమాచారంతో ప్రచురించిన అధ్యయనం ఆ ఆధిక్యానికి ఆధారం దొరకలేదని తేల్చింది. రైకెల్డ్ కూడా తన సహ రచయితలతో కలిసి 2021లో, సర్వే మాటకు తోడుగా ఖాతా పుస్తకాల నుంచి తీసే కొలమానం కావాలని ప్రతిపాదించారు. పాత కొనుగోలుదారులు ఈ ఏడాది చేసిన కొనుగోళ్లనూ, ఎవరో చెబితే వచ్చిన కొత్తవారి కొనుగోళ్లనూ గత ఏడాది ఆదాయంలో శాతాలుగా కట్టి, రెండింటినీ కూడి 100 తీసివేయడం దాని సారాంశం. ఒక సరుకుల దుకాణానికి గత ఏడాది కోటి రూపాయల అమ్మకం జరిగి, అదే మనుషులు ఈ ఏడాది 82 లక్షలకు కొని, కొత్తవారు 30 లక్షలకు కొంటే, పైకి 12 శాతం పెరుగుదల కనిపిస్తుంది. కానీ ఆ 30 లక్షల్లో ఎవరో చెబితే వచ్చినవారిది 12 లక్షలే అయితే 82, 12 కలిపి 100 తీసివేయగా మైనస్ 6 శాతం మిగులుతుంది. మిగిలిన 18 లక్షలు ప్రకటనలతో, డిస్కౌంట్లతో కొని తెచ్చుకున్నవి.

మన గృహోపకరణాల దుకాణం ఈ లెక్కను ఇంకా సులువుగా చేయవచ్చు. బిల్లు రాసేటప్పుడు "మా షాపు గురించి మీకు ఎవరు చెప్పారండీ?" అని అడిగి, చెప్పినవారి ఫోన్ నంబరో పేరో తెలిస్తే రాసుకోవాలి. ఏడాది గడిచాక ఆ జాబితాను సర్వే జాబితాతో కలిపి, 192 మంది ప్రమోటర్లలో ఎందరు నిజంగా ఎవరినైనా పంపారు, 108 మంది పాసివ్‌లలో ఎందరు పంపారు, 100 మంది డిట్రాక్టర్లలో ఎందరు పంపారు అని మూడు శాతాలు తీయాలి. ప్రమోటర్ల శాతం మిగతా ఇద్దరికన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంటే ఆ ప్రశ్న ఆ దుకాణంలో పనిచేస్తున్నట్టే. మూడూ ఒకేలా ఉంటే ప్రశ్నను గానీ, అడిగే తీరును గానీ మార్చి, కొత్త స్కోరును కొత్త వరుసగా మొదలుపెట్టాలి. పాత వరుసకు దానిని అతికించకూడదు.

నివేదికలో రాయవలసిన వాక్యం ఈ విధంగా ఉంటుంది: "ఈ ఏడాది కొన్న 8,000 మందిలో 1,600 మందికి ఫోన్ చేయగా 400 మంది జవాబిచ్చారు. వస్తువు రకం వాటాల ప్రకారం బరువులు వేయగా స్కోరు +37, దోష పరిధి అటూ ఇటూ 9. బిగింపు ఉన్నవారిలో +7.5, కౌంటర్ వద్ద కొన్నవారిలో +46. బరువులు వేయకముందు ప్రమోటర్లు 48, పాసివ్‌లు 27, డిట్రాక్టర్లు 25 శాతం." ఆ వాక్యం కింద ప్రశ్న పాఠాన్ని యథాతథంగా, అడిగిన తేదీలను, పక్కనపెట్టిన వరుసల సంఖ్యను జతచేయాలి.